పాట లేని తారీఖు

ముందే ఒప్పుకుంటే పోలా

నేను పెంచి చెబుతాను. రేపు ఎవరూ నన్ను సందులో నిలబెట్టి నిలదీయకుండా ఈ మాట ముందే రాసి పెడుతున్నాను. మా ఇంట్లో ఎలుక దూరితే పందికొక్కు అంటాను. పందికొక్కే దూరితే పోలీసులకు ఫోన్ చేస్తాను. మా ఆవిడ నేను చెప్పే ప్రతిదాన్నీ నాలుగుతో భాగించి వింటుంది. పెళ్లిచూపుల్లో నా జీతం విన్నప్పుడు ఈ లెక్క తెలియక మోసపోయానని ఇప్పటికీ బాధపడుతుంది. మీరూ అలాగే భాగించుకోండి, నాకేం అభ్యంతరం లేదు. అయితే ఇందులో ఒక్క సంగతి పెంచింది కాదు, మొత్తంగా నేను పుట్టించిందే. అదేదో చివర్లో చెబుతాను. ఈలోగా మీకు నమ్మబుద్ధి కానిదల్లా నిజమే అనుకుంటూ చదవండి.

తారీఖుల పని

పాతబస్తీలో ఒక చిన్న కేబుల్ చానల్‌లో పొద్దున పూట 'ఈ రోజు' అని ఒక కార్యక్రమం వస్తుంది. ఇదే తారీఖున గతంలో ఏం జరిగిందో చెప్పే కార్యక్రమం. దాన్ని రాసేవాడిని నేను. సగం జీవితం అదే పని చేశాను. కళ్లు మసకబారాక ఒక శాలువా కప్పి పంపేశారు. ఆ శాలువా ఎంత చిన్నదంటే ఇప్పుడు మా ఇంట్లో దానితో టీవీ రిమోటు తుడుస్తున్నారు.

ఇప్పుడు పిల్లలు ఈ పనే ఫోన్లలో చేస్తున్నారు. వెనక సంగీతం పెట్టి, అక్షరాలు ఎగరేసి, ఎంతో ముచ్చటగా చేస్తున్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ఈ పనిలో మొదట తెలుసుకోవలసింది ఒకటుంది. తారీఖు అనేది ఒకే ఇంట్లో కిరాయికి దిగిన ముక్కూ మొహం తెలియని వాళ్ల గుంపు. ఒక గదిలో యుద్ధం మొదలవుతుంది. పక్క గదిలో ఎవరో ఐస్‌క్రీమ్ యంత్రం కనిపెడతారు. వరండాలో ఒక పాటగాడు పుడతాడు. వాళ్లకు ఒకరితో ఒకరికి పలకరింపు కూడా ఉండదు. వాళ్లందరినీ ఒక చాప మీద కూర్చోబెట్టి, ఒకే ఇంటివాళ్లలాగా చాయ్ తాగించడమే మన పని. చేయడం వస్తే ఇంతకన్నా తేలిక పని లేదు. రాకపోతే క్యాలెండర్ చదివినట్టుంటుంది.

గోడలు అమ్ముడుపోయే ఆఫీసు

చానల్ యజమాని బషీర్ సేఠ్. మూసీ మీది నయాపూల్ వంతెన దాటి పత్తర్‌గట్టీ వైపు వస్తే ఒక సందులో ఆయన పరుపుల దుకాణం ఉండేది. దాని మీది అంతస్తే మా స్టూడియో. బయటి చప్పుడు లోపలికి రాకుండా గోడలకు ఏవో ఖరీదైన పలకలు కొట్టించాలని ఎవరో ఇంజనీరు చెబితే సేఠ్ ఒక నవ్వు నవ్వి, కింది నుంచి పరుపులు పైకి ఎక్కించి నాలుగు గోడలకూ ఆనించాడు. అంత మెత్తటి నిశ్శబ్దం నేను మళ్లీ ఎక్కడా వినలేదు. ఆవలిస్తే ఆ ఆవలింత బయటికి పోలేక మన దగ్గరికే తిరిగి వచ్చేది.

చిక్కల్లా ఏమిటంటే అవి అమ్మకానికి ఉన్న పరుపులే. కింద గిరాకీ తగలగానే సేఠ్ మెట్ల దగ్గర నిలబడి నన్ను కేకేసేవాడు.

"సీనూ! తూర్పు గోడ దించు! పార్టీ ఒచ్చింది!"

పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే మా స్టూడియోకు గోడలు ఉండేవి కావు. 'ఈ రోజు'లో మొదటి ప్రపంచ యుద్ధం గురించి చదువుతుంటే వెనక నుంచి "ఏక్ ఇరానీ, దో బిస్కెట్" అని వినిపించేది. యుద్ధంలో కూడా చాయ్ తాగుతారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

సేఠ్‌కు ఒక నియమం ఉండేది. రోజుకు మూడు సంగతులు, మూడోది తప్పకుండా పాటకు సంబంధించినదై ఉండాలి. పాట లేకపోతే ఆ రోజు 'ఈ రోజు' ఉండదు, పరుపుల ప్రకటన వేస్తారు. "జనం చరిత్ర కోసం కూసోరు సీనూ, పాట కోసం కూసుంటరు. చరిత్ర మధ్యల ఇనిపిస్తది, గంతే," అనేవాడు. ఇది చాలా తెలివైన మాట. ఆయన చెప్పినవాటిలో తెలివైనది ఇదొక్కటే కాబట్టి గుర్తుంది.

బతికున్న మనిషి వర్ధంతి

కొత్తవాళ్లు నా తప్పుల గురించి అడుగుతారు. ఒకటి చెబుతాను, మిగతావి నాతోనే పోనివ్వండి.

ఒకసారి మూడో సంగతికి ఏమీ దొరకక, పాతబస్తీలో పేరున్న పెళ్లి బ్యాండు మాస్టరు యూసుఫ్ గారి వర్ధంతి అని రాశాను. ఆయన పోయారని నాకు ఎవరో చెప్పినట్టు గుర్తు. అది ప్రసారమైన గంటలో కిటికీ కింద భూమి అదిరింది. చూస్తే యూసుఫ్ మాస్టర్. ఎర్ర కోటు వేసుకుని, మొత్తం బ్యాండుతో, నిండు ప్రాణంతో ఉన్నాడు.

"నేను సచ్చినని ఎవడన్నడ్రా?" అన్నాడు.

"మాస్టర్ సాబ్, జెర తప్పైంది," అన్నాను.

"తప్పా? పొద్దుగాల నుంచి పెండ్లోల్లు ఫోన్ చేసి ఆర్డర్లు క్యాన్సిల్ చేస్తున్నరు! సచ్చినోని బాజా పెండ్లిల ఎవడు పెట్టుకుంటడు?"

నేను కిందికి దిగే దాకా బ్యాండు ఆపనన్నాడు. దిగాను. అయినా ఆపలేదు. ఊపిరి ఉందని నాకు నమ్మకం కుదరాలట. మర్నాడు 'ఈ రోజు' చదివే నజ్మా ఆపా (ఆపా అంటే అక్క; ఆమె కథే ఈ రాతలో అసలు కథ, వస్తున్నాను) తన గొంతులో ఉన్న తీపినంతా పోసి ఇలా చదివింది: "నిన్న వర్ధంతి జరుపుకున్న యూసుఫ్ మాస్టర్ గారు ఈ రోజు జన్మదినం జరుపుకుంటున్నారు." ఆర్డర్లన్నీ తిరిగి వచ్చాయి. రెండు ఎక్కువే వచ్చాయి.

ఎవరైనా పోయారని రాసే ముందు వాళ్ల ఇంటికి ఫోన్ చేయండి. వాళ్లే ఎత్తితే ఆ వార్త వదిలేయండి.

గులాబి పువ్వు గొంతు

నజ్మా ఆపా హిజ్రా. బషీర్ సేఠ్‌కు మనవడు పుట్టినప్పుడు తన జట్టుతో దీవించడానికి వచ్చి గుమ్మం ముందు పాడింది. సేఠ్ దేనికైనా బేరమాడే మనిషి, దీవెనకూ బేరం మొదలుపెట్టాడు. ఆమె పాట ఆపలేదు. రాగం తప్పకుండా, తాళం తప్పకుండా, ఆ పాటలోనే ఆయనతో బేరమాడి గెలిచింది. ఓడిపోయిన సేఠ్ అక్కడికక్కడే ఆమెకు ఉద్యోగం ఇచ్చాడు. ఆయన జీవితంలో చేసిన మంచి పనుల్లో ఓడిపోయి చేసినవే ఎక్కువ.

కానీ ఒక షరతు పెట్టాడు. గొంతు మాత్రమే. మొహం చూపించకూడదు, పేరు చెప్పకూడదు. తెర మీద ఒక క్యాలెండర్ నుంచి కత్తిరించిన గులాబి పువ్వు బొమ్మ ఉండేది. కెమెరా ఎప్పుడూ దాన్నే చూస్తూ ఉండేది.

"జనానికి జెర అలవాటు కానీ ఆపా, తర్వాత చూద్దాం," అన్నాడు సేఠ్.

బషీర్ సేఠ్ చెడ్డవాడు కాదు. 'తర్వాత' అనే మాట వెనక దాక్కునే మంచివాడు. ఉద్యోగంలో మీకు ఇలాంటివాళ్లే ఎక్కువ తగులుతారు. చెడ్డవాళ్లతో కన్నా వీళ్లతోనే కష్టం, ఎందుకంటే వీళ్ల మీద కోపం నిలవదు.

ఆ గొంతు గురించి చెప్పాలంటే నాకు నా మామూలు పద్ధతి కూడా సరిపోదు. ఆమె "నేటి తారీఖు" అనగానే పాలు పొంగడం ఆపేవి. ఎవరో నవాబుల పాత దేవిడీలో ఉండే బేగం అనుకునేవాళ్లు జనం. గులాబ్ ఆపా అని వాళ్లే పేరు పెట్టుకున్నారు. ఆ తర్వాత రిష్తాలు, అంటే పెళ్లి సంబంధాలు, రావడం మొదలైంది. భార్య పోయినవాళ్లు, పెళ్లే కానివాళ్లు, కొడుకుకు చూస్తున్న తల్లులు, మిఠాయి డబ్బాలతో మెట్లెక్కేవాళ్లు. ఉస్మాన్‌గంజ్ మిరపకాయల వ్యాపారి ఒకాయన ఏకంగా మేకను తెచ్చి మెట్ల కిందే కట్టేసి పోయాడు. ఆ మేక సాయంత్రానికి, అమ్మకానికి కిందికి దించిన మా దక్షిణపు గోడను సగం తినేసింది. దూది పరుపు.

సేఠ్ అందరికీ "అడిగి చెప్త" అనేవాడు. మిఠాయి మాత్రం అడగకుండానే తీసుకునేవాడు.

"ఎంతమందిని కాదనాలె సీనన్నా? నా పండ్లు పాడైపోతున్నయ్," అనేది ఆపా, జిలేబీ కొరుకుతూ.

వీళ్లందరిలో ముఖ్యమైనవాడు కరీం భాయ్. లాడ్ బజార్‌లో గాజుల దుకాణం ఆయనది. మా కార్యక్రమానికి డబ్బు పెట్టేది ఆయనే. ఆయన తప్పుకుంటే 'ఈ రోజు' ఉండదు. కరీం భాయ్‌కు ఒక గర్వం ఉండేది. చెయ్యి చూడకుండా, ఆడమనిషి గొంతు విని గాజు సైజు చెప్పేవాడు. చిన్న చేతికి రెండు-నాలుగు, పెద్ద చేతికి రెండు-పది, మధ్యవి మధ్యలో. బురఖాలోంచి "భయ్యా" అనే మాట వినిపిస్తే చాలు, డబ్బా తీసేవాడు. ఎన్నడూ తప్పలేదని లాడ్ బజారంతా ఒప్పుకునేది.

నజ్మా ఆపా గొంతు విని ఆయన కళ్లు మూసుకుని, "రెండు-నాలుగు. పావురమసుంటి చెయ్యి," అన్నాడట. అప్పటి నుంచి వారం వారం ఒక డజను పంపేవాడు. రాళ్లవి, లక్కవి, అద్దాలవి.

ఆపా చేతులు డోలు వాయించే చేతులు. రెండు-నాలుగు గాజు ఆమె బొటనవేలికి ఉంగరంలా పట్టేది. పారేయడానికి మనసొప్పక వాటన్నిటినీ మైకు స్టాండుకు తగిలించింది. కార్యక్రమం మొదలుపెట్టే ముందు ఒకసారి వాటిని గలగలలాడించేది. అదే మా సంగీతమైపోయింది. లాడ్ బజార్‌లో కరీం భాయ్ ఆ చప్పుడు విని, గిరాకీలను ఆపి, "ఇన్నరా? ఏసుకున్నది!" అనేవాడట.

మూడోది లేదు

ఎండలు ముదిరే ఏప్రిల్ నడుమ ఒక తారీఖు ఉంది. చాలా ఏళ్ల కింద అదే తారీఖున అమెరికాలో, తెల్లవాళ్లే ఆడే పెద్ద బేస్‌బాల్ పోటీల్లోకి ఒక నల్లజాతి ఆటగాడు దిగాడు. గ్యాలరీల నుంచి తిట్లు పడుతున్నా ఆడాడు. మళ్లీ అదే తారీఖున, మన రోజుల్లో, మన దేశపు అతి పెద్ద కోర్టు హిజ్రాలను మూడో జెండర్‌గా గుర్తించింది. వాళ్లూ అందరిలాంటి పౌరులే, తామెవరో చెప్పుకునే హక్కు వాళ్లదే అంది.

ఈ రెండూ ఒక కాగితం మీద రాసి ముందుగానే ఆపాకు ఇచ్చాను. చదివింది. మళ్లీ చదివింది. కింద సేఠ్ గల్లాపెట్టె దగ్గర ఉన్నాడు. నేరుగా దిగింది, వెనకే నేను.

"సేఠ్, గీ దినం కార్యక్రమం నా పేరు మీద చదువుత. ఆఖర్ల 'చదివింది నజ్మా' అంట. నేనేందో గూడ చెప్త."

సేఠ్ ముందు కాగితం చూశాడు. "గీ బేస్‌బాల్ ఏంది? క్రికెట్టా?"

"బ్యాట్ ఉంటది సేఠ్, వికెట్లుండవు," అన్నాను.

"వికెట్లు లేకుంటే ఔట్ ఎట్లయితరు?"

"సేఠ్," అంది ఆపా, "మాట మార్చకు."

ఆయన తల గోక్కున్నాడు. "ఆపా, నీ మంచికే చెప్తున్న. కరీం భాయ్‌కి కోపమొస్తే పైసలు బంద్. పైసలు బంద్ అయితే ప్రోగ్రామ్ బంద్. మల్ల నువ్వు సిగ్నల్ కాడ చప్పట్లు కొట్టుకుంట నిలబడాలె. జెర ఆగు. తర్వాత చూద్దాం."

"సిగ్నల్ కాడ నిలబడ్డప్పుడు గూడ కారు అద్దం దించి నా మొహం చూస్తుండిరి భాయ్. తిట్టెటోల్లు గూడ మొహం చూసే తిడుతుండిరి. నీ కాడ గంత గూడ లేదు." ఆమె గొంతు పెంచలేదు. "కోర్టు నన్ను మనిషన్నది. నీ టీవీ డబ్బా ఇంకా పువ్వనే అంటున్నది."

సేఠ్ కాగితం మళ్లీ చూశాడు, మొహం వెలిగింది. దాక్కోవడానికి చోటు దొరికింది.

"పాట ఏది? రెండే ఉన్నయ్! మూడోది పాట ఉండాలె. పాట లేకుంటే గా దినం 'ఈ రోజు' లేదు, పరుపులేస్త. రూలంటే రూలే. నేనేం చెయ్యాలె?"

ఆపా నా వైపు తిరిగింది. "సీనన్నా, పాట లేని తారీఖు ఉంటదా?"

ఉంటుందని నాకు అంతకు ముందు తెలియదు. నా దగ్గరున్న పుస్తకాలన్నీ తిరగేశాను. ఆ తారీఖున ఎక్కడో ఒకడు గిటారు పట్టుకుని పుట్టాడు. "వాడు మనకేమైతడు?" అన్నాడు సేఠ్. పాతబస్తీకి తెలిసిన పాట ఏదీ ఆ తారీఖున పుట్టలేదు, వినిపించలేదు, కనీసం ఆగిపోలేదు కూడా.

ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్ముతారు చూడండి, అక్కడ అట్ట ఊడిపోయిన ఒక పుస్తకంలో చివరికి దొరికింది. సోమవారం సేఠ్ ముందు పెట్టాను. ఈ రోజునే, ఏళ్ల కిందట, నయాపూల్ మీదుగా పోతున్న ఒక పెళ్లి ఊరేగింపులో బ్యాండు పాటగాడికి గొంతు పోతే, దారిన పోయే ఒక హిజ్రా మైకు అందుకుని పాడిందట. మన పాతబస్తీలో మైకులో వినిపించిన తొలి హిజ్రా పాట అదేనట. మూసీ అవతలి ఒడ్డు దాకా వినిపించిందట.

నియమం తనదే కాబట్టి సేఠ్ కాదనలేకపోయాడు. ఆపా మాత్రం ఆ ముక్క చదివి చాలాసేపు నన్ను చూసింది.

"ఈమె పేరేంది సీనన్నా?"

"దొరకలే ఆపా."

"అవతలి ఒడ్డు దాకా వినిపించిందా?"

"గట్లనే ఉన్నది."

"అయితే నేను గూడ గట్టిగనే పాడాలె."

రికార్డు లేదు కాబట్టి పాట ఆమే పాడాలి. సంగతి తెలిసి యూసుఫ్ మాస్టర్ పిలవకుండానే వచ్చాడు. "నేను సచ్చినప్పుడు నన్ను మల్ల పుట్టిచ్చిన గొంతు అది. బాజా నాది," అన్నాడు.

గోడలు లేని పొద్దున

ఏప్రిల్ అంటే పెళ్లిళ్ల కాలం. ఆ పొద్దున మా స్టూడియోలో ఒకే ఒక్క పరుపు మిగిలింది, అదీ బేరంలో ఉంది. నాలుగు పక్కలా ఖాళీ. ఆటోల హారన్లు, కుక్కర్ల ఈలలు, పక్కింటి దంపతుల లొల్లి, అన్నీ మైకులోకి నేరుగా వస్తున్నాయి. బ్యాండు గదిలో పట్టలేదు. క్లారినెట్ లోపల, డోళ్లు మెట్ల మీద, పెద్ద బాకా పట్టినవాడు కింద పరుపుల దుకాణంలో గల్లాపెట్టె పక్కన నిలబడ్డాడు. ఎప్పుడు ఊదాలో అతనికి చెప్పడానికి మెట్ల మీద నుంచి చేతి రుమాలు ఊపాలి. ఆ రుమాలు నేను. కెమెరా మనిషి కూడా మెట్ల మీదే ఇరుక్కుపోయాడు. కెమెరా ఎప్పటిలాగే గులాబిని చూస్తోంది.

ఆపా గాజులు గలగలలాడించింది. బేస్‌బాల్ సంగతి చదివింది. ఆ ఆటగాడికి పడిన తిట్ల దగ్గర కాస్త ఆగింది, తెలిసినవాళ్లను తలుచుకున్నట్టు. కోర్టు సంగతి చదివింది. మూడోది చదివింది. నేను రుమాలు ఊపాను.

పాడింది. గుమ్మాల ముందు పసిపిల్లలకు పాడే దీవెన పాటే. కానీ ఈసారి గుమ్మం లేదు, బేరం లేదు, గోడలు కూడా లేవు. ఆ పాటకు సందులో ఆటోలు ఆగాయి. కుక్కర్లు ఈల వేయడానికి మొహమాటపడ్డాయి. పక్కింటి దంపతులు రాజీ పడ్డారు. (నాలుగుతో భాగించుకోండి. ఆటోలు మాత్రం ఆగాయి. బ్యాండు వాళ్లు సందుకు అడ్డంగా నిలబడ్డారు.)

పాట అయిపోయింది. "ఇది చదివింది, పాడింది..." అని ఆపా మొదలుపెట్టింది.

బషీర్ సేఠ్ కుర్చీలోంచి లేచాడు. ఆపడానికే లేచాడనుకున్నాను. ఆయన కూడా అలాగే అనుకుని లేచి ఉంటాడు. రెండడుగులు వేశాడు, కెమెరాను రెండు చేతులా పట్టుకున్నాడు, పరుపు తిప్పినట్టు గులాబి మీద నుంచి ఆమె మీదికి తిప్పాడు.

"...నజ్మా," అంది ఆమె, నేరుగా చూస్తూ. "నేను హిజ్రాను. ఇన్నేండ్లు మీరు విన్న గొంతు నాదే."

తర్వాత ఫోన్లు మోగాయి. అందులో కొన్ని మాటలు ఇక్కడ రాయను. వాటిని పెంచాల్సిన అవసరమే లేదు, ఉన్నంతలోనే అవి చాలా పెద్దవి. సేఠ్ ప్రతి ఫోనూ తానే ఎత్తి, "ఆమె మా మనిషి, పరుపు కావాల్నా?" అని పెట్టేశాడు. మిరపకాయల వ్యాపారి మేకను వెనక్కి తీసుకుపోయాడు, అది తిన్న గోడ సంగతి ఎత్తకుండా.

రెండు-పది

అందరం ఎదురుచూసింది కరీం భాయ్ గురించే. లాడ్ బజార్‌లో షట్టర్ సగం దించి బయల్దేరాడని కబురొచ్చింది. బ్యాండు వాళ్లు మెట్ల మీద దారి ఇచ్చారు. ఎవరూ ఊపిరి పీల్చలేదు, క్లారినెట్ అతనితో సహా.

కరీం భాయ్ లోపలికి వచ్చి ఆపాను చూశాడు. తర్వాత మైకు స్టాండును చూశాడు. దాని మీద ఆయన పంపిన గాజులన్నీ వేలాడుతున్నాయి.

"ఇవి నేను పంపినయ్యేనా?"

"మీవే భాయ్," అంది ఆపా.

"ఒక్కటన్న చేతికెక్కలే?"

"ఎక్కలే భాయ్. చిన్నగున్నయ్."

ఆయన మిగిలిన ఒక్క పరుపు మీద కూలబడ్డాడు. "ఇన్నేండ్ల నుంచి చెప్తున్న సైజులు. లాడ్ బజార్‌ల ఎవన్నన్న అడుగు. ఒక్కనాడు తప్పలే. రెండు-నాలుగన్న! రెండు-నాలుగు!"

సేఠ్ చేతులు నలుపుకుంటూ దగ్గరికి వచ్చాడు. "భాయ్, ఆమె హిజ్రా అని ముందే చెప్పాలె మేము. మాఫ్ చెయ్యి..."

"అది నేను ఇనలేదా? ఊరంతా ఇన్నది!" కరీం భాయ్ విసుక్కున్నాడు. "అది ఆమె సంగతి, అల్లా సంగతి. సైజు నా పని! నా పని తప్పింది!"

చేతిలో ఉన్న గాజుల డబ్బా పక్కన పెట్టి లేచాడు. "ఆపా, మీ ఇజాజత్ ఉంటే చెయ్యి చూస్త."

ఆమె చెయ్యి చాపింది. ఆయన బొటనవేలు అరచేతిలోకి మడిచి, మెటికలు దగ్గరికి నొక్కి, గాజులవాళ్లు చేసే పద్ధతిలో ఒకసారి చూశాడు. ఒక నిట్టూర్పు విడిచాడు.

"రెండు-పది."

డబ్బా తెరిచాడు. అందులో అన్ని సైజులూ ఉన్నాయి, వచ్చేటప్పుడే తెచ్చాడు. ఎర్ర లక్క గాజులు తీసి ఒక్కొక్కటీ తొడిగాడు. ఒక్కటీ పగలలేదు.

మెట్ల మీద నుంచి యూసుఫ్ మాస్టర్ ఉండబట్టలేక అడిగాడు. "రిష్తా సంగతి ఏందన్నట్టు, కరీం భాయ్?"

"సైజే తప్పినోనికి రిష్తా ఎవరిస్తరు?" అన్నాడు ఆయన.

"రిష్తా వద్దు భాయ్," అంది ఆపా, చెయ్యి ఒకసారి ఊపి చూసుకుంటూ. "రేపటి సంది నా పేరు చెప్పినప్పుడు ఇవి మోగాలె. గంతే."

కరీం భాయ్ మర్నాడూ డబ్బు పంపాడు. గులాబి బొమ్మను సేఠ్ ఇంటికి తీసుకుపోయాడు, ఎందుకో చెప్పలేదు.

ఇప్పుడు చెబుతాను

ఏది పుట్టించానో చెబుతానన్నాను కదా. మీరు మేక అనుకుంటున్నారు. కాదు, మేక ఉంది. పరుపు గోడలు ఉన్నాయి. ఎర్ర కోటులో వచ్చిన వర్ధంతి మనిషి ఉన్నాడు, ఇప్పటికీ పెళ్లిళ్లకు వాయిస్తున్నాడు. గొంతు విని గాజు సైజు చెప్పే మనిషి ఉన్నాడు. ఆ రోజు నుంచి చెయ్యి చూశాకే చెబుతున్నాడు.

లేనిదల్లా మూడో సంగతి ఒక్కటే. అట్ట ఊడిన పుస్తకం లేదు. నయాపూల్ మీద పెళ్లి లేదు, గొంతు పోయిన పాటగాడు లేడు, మైకు అందుకున్న హిజ్రా లేదు. నా వృత్తిలో నేను వెయ్యి సంగతులు పెంచి రాశాను. లేనిదాన్ని రాసింది అదొక్కటే. ఇది చదివి నేర్చుకునే పిల్లలు మాత్రం ఇలా చేయకండి. పట్టుబడతారు.

నేను పట్టుబడ్డాను. నా కుర్చీలో ఇప్పుడు ఒక అమ్మాయి కూర్చుంటోంది. మహా పట్టుదల మనిషి. పోయిన ఏప్రిల్‌లో ఫోన్ చేసింది.

"సార్, ఆ నయాపూల్ ఊరేగింపు సంగతికి ఆధారం ఏంది? ఎక్కడ వెతికినా దొరకలే."

"దొరకదు తల్లీ," అన్నాను. "తీసేయ్."

"తీసేస్తే పాట ఉండదు కదా సార్. సేఠ్ పరుపులేస్తడు."

ఆ తారీఖు పొద్దున టీవీ ముందు కూర్చున్నాను, పరుపులు వస్తాయనుకుంటూ. ఆపా వచ్చింది. బేస్‌బాల్ చదివింది. కోర్టు చదివింది. మూడో సంగతి చదివే ముందు కెమెరాలోకి, అంటే నావైపు, ఒక నవ్వు నవ్వింది.

"ఈ రోజునే, మన పాతబస్తీ కేబుల్‌లో, మొట్టమొదటిసారి ఒక హిజ్రా తన పేరు చెప్పి పాట పాడింది."

ఆ వాక్యం నేను రాయలేదు. ఆ అమ్మాయి రాసింది. మా ఆవిడ నా పక్కనే కూర్చుని విన్నది, దేనితోనూ భాగించలేదు. ఆపా చెయ్యి ఎత్తింది, ఎర్ర గాజులు మోగాయి, పాట మొదలైంది.